కోరి తెచ్చుకున్న పక్క సీటు

పోయిన వారం మనం అద్దాలమ్మను విమానం తలుపు దగ్గర వదిలేశాం. భుజాన సంచీ, ముఖంలో కోపం. ఆ కోపానికి కారణం ఆమె తండ్రి.

అద్దాలమ్మది కళ్ళజోళ్ళ దుకాణం. అందుకే వీధిలో పిల్లా పెద్దా ఆమెను అద్దాలమ్మ అనే పిలుస్తారు. తల్లి పోయి చాలా ఏళ్ళయింది. రైలు డ్రైవరుగా చేసి రిటైరైన తండ్రి కూతురి దగ్గరే ఉంటున్నాడు. కొన్నాళ్ళుగా ఆయన వారం వారం రైలెక్కి ఎక్కడికో పోయి వస్తున్నాడు. ఎక్కడికంటే చెప్పడు. ఒకరోజు అందరూ భోజనాల దగ్గర నిలదీశారు. "ఎవరైనా ఆడమనిషా మావయ్యా?" అని అల్లుడు వేళాకోళమాడాడు. ఆయన కంచం ముందు నుంచి లేచి నిలబడి, "అవును. పెళ్ళి చేసుకుంటున్నాను" అన్నాడు. మర్నాడే పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. అద్దాలమ్మ తమ్ముడు ఫోన్లో కేకలేస్తే, "అన్నీ కుదిరాక నేనే పిలుస్తాను" అని పెట్టేశాడు. కాకపోతే ఒకసారి నోరు జారాడు. ఆవిడ పని మీద అద్దాలమ్మ వాళ్ళ ఊరే వచ్చిందనీ, శుక్రవారం మధ్యాహ్నం విమానంలో తిరిగి వస్తుందనీ, ఎదురెళ్ళి తీసుకురావడానికి తనే వెళ్తున్నాననీ.

అద్దాలమ్మకు అంత చాలు. ఆవిడ ఫోటో తండ్రి ఫోన్లో ఒకసారి చూసింది. దాని కింద 'టీచరమ్మ' అని ఉంది. ఆ విమానం కంపెనీ వాళ్ళు ఈమధ్య ఒక కొత్త ఏర్పాటు చేశారు. ఫోటో పెట్టి, ఏం పని చేస్తామో రెండు ముక్కలు రాస్తే, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ప్రయాణికులే ఎంచుకోవచ్చు. అవతలి మనిషి సరేనంటే సీటు ఖాయం. అద్దాలమ్మ ఆ ఫోటోల్లో టీచరమ్మను పట్టుకుంది. 'విమానమంటే భయం. పక్కన మాట్లాడే మనిషి కావాలి' అని రాసుకుందావిడ. అద్దాలమ్మ తన గురించి 'పూల వ్యాపారం. కబుర్లంటే ఇష్టం' అని అబద్ధం రాసి, పక్క సీటు అడిగింది. ఆవిడ ఒప్పుకుంది.

కిటికీ పక్క సీట్లో టీచరమ్మ అప్పటికే బెల్టు బిగించుకుని, ముందు సీటును రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. విమానం ఇంకా కదలనే లేదు. యాభై దాటిన మనిషి. నెరుస్తున్న జుట్టు మెడ దాకా కత్తిరించుకుంది. ఎండకు కమిలిన ముఖం. కాళ్ళకు అరిగిపోయిన రబ్బరు బూట్లు. పెళ్ళికూతురి కళ వెతికినా లేదు. కళ్ళజోడు మాత్రం ఎడమ పక్కకు కిందికి జారి ఉంది. అద్దాలమ్మ చూపు ముందు అక్కడికే పోయింది.

"రండి రండి, పూలావిడ మీరేగా! బతికించారు. ఇది పైకి లేచిందంటే నా ప్రాణం కిందే ఉండిపోతుంది. ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండండి, ఆపకండి."

"ఏం మాట్లాడమంటారు?"

"ఏదైనా సరే. ఏమీ తోచకపోతే మీ ఆయన్ని తిట్టండి."

అద్దాలమ్మకు నవ్వు రాబోయింది. పెదవి కొరికి ఆపుకుంది. ఈ మనిషిని చూసి నవ్వడానికి కాదు ఆమె ఇంత దూరం వచ్చింది. నడవా పక్క సీట్లో పొడుగాటి పెద్దాయన ఒకాయన మోకాళ్ళు ఇరికించుకుని కూర్చుని, పేపరు పూర్తిగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అద్దాలమ్మ బెల్టు పెట్టుకుంది. తీసింది. మళ్ళీ పెట్టుకుంది. ఇంటి దగ్గర నుంచి వల్లె వేసుకుంటూ వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్కసారి గొంతు దాకా వచ్చి, ఏది ముందు పోవాలో తెలియక అక్కడే తన్నుకుంటున్నాయి.

"దిగాక మిమ్మల్ని తీసుకెళ్ళడానికి ఎవరైనా వస్తున్నారా?" అంది చివరికి.

టీచరమ్మ ముఖం వెలిగింది. మరుక్షణమే ముడుచుకుంది. "ఒకాయన వస్తానన్నారు. వస్తారో రారో అని పొద్దుటి నుంచీ ఒకటే గాభరా. చూడండి, అరచేతులెలా చెమటలు పట్టాయో."

"మీకేమవుతారు?"

"ఏమవుతారంటే ఏమని చెప్పను! రోజూ పొద్దున్నే ఇద్దరం నడకకు వెళ్తాం. మొదట్లో నా మోచెయ్యి వదిలేవారు కాదు. ఉడుంపట్టు. ఇప్పుడిప్పుడే ధైర్యం వస్తోంది."

అద్దాలమ్మ చెవులు వేడెక్కాయి. అమ్మతో కలిసి ఆయన వీధి చివరి దాకా నడిచింది ఎప్పుడైనా ఉందా అని వెతుక్కుంది. గుర్తు రాలేదు. "పెద్ద వయసాయనా?" అని అడిగింది, ఏమీ ఎరగనట్టు.

"అరవై దాటాయి. దాటితేనేం, పట్టుదలకు పాతికేళ్ళే. ఒకసారి నా మీద అలిగి వీధి మధ్యలో చతికిలబడ్డారు. లేవమంటే లేవరు. వెనకాల బండ్లన్నీ హారన్లు. చిన్నపిల్లాణ్ణి బుజ్జగించినట్టు బుజ్జగించి లేవదీశాను."

"ఆయనకు పిల్లలు లేరా?"

"లేకేం. కూతురూ, కొడుకూ."

"మీ సంగతి వాళ్ళకు తెలుసా?"

"తెలీదమ్మా. చెప్పండి, చెప్పండి అని చెవిలో జోరీగలా పోరుతున్నాను. ఎన్నాళ్ళు దాస్తారు? ఇవాళ కాకపోతే రేపు కళ్ళ ముందు కనబడే విషయమేగా. కొడుకు సంగతి పరవాలేదట, కూతురంటేనే ఆయనకు భయం. ఆడపులి అంటారు."

పేపరు వెనకాల ఉన్నాయన చాలాసేపటి నుంచి పేజీ తిప్పలేదు.

అంతలో విమానం ఊపందుకుంది. టీచరమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, చేతికందిన చెయ్యి పట్టేసుకుంది. ఎవరికి నాలుగు మాటలు అంటించి వద్దామని అద్దాలమ్మ బయల్దేరిందో, ఆ మనిషి వేళ్ళు ఇప్పుడు ఆమె వేళ్ళ సందుల్లో బిగుసుకుపోయి ఉన్నాయి. విడిపించుకోవడానికి మనసు రాలేదు. పట్టుకోనివ్వడానికీ మనసు రాలేదు. చెయ్యి ఎవరిదో అన్నట్టు అలాగే వదిలేసి ఎదురుగా చూస్తూ కూర్చుంది. ఊళ్ళో ఇళ్ళు అగ్గిపెట్టెలై, మబ్బు కిందికి పోయాయి.

కుదుపు తగ్గాక టీచరమ్మ కళ్ళు తెరిచి, "మీరు దేవత" అంది.

అద్దాలమ్మ చెయ్యి లాక్కుంది. "దేవతనీ కాను, పూలావిడనీ కాను. మీకు సిగ్గుగా లేదా?"

"ఏమిటమ్మా?"

"మనవలున్న మనిషి ఆయన! మా అమ్మ ఫోటోకు రోజూ పొద్దున్నే గుడ్డతో దుమ్ము తుడిచే మనిషి. అలాంటాయన్ని ఏ మాయ చేసి తిప్పుకుంటున్నారు? చేతులు పట్టుకుని వీధులెంట తిరగడమూ, అలకలూ, బుజ్జగింపులూ! అది చాలదన్నట్టు పక్కన కూర్చున్నదానికి మురిసిపోతూ చెబుతున్నారు. ఈ పెళ్ళి నేను జరగనివ్వను. చెప్పి పోదామనే వచ్చాను."

గొంతు పెరిగింది. ముందు వరసలో రెండు తలలు వెనక్కి తిరిగాయి. పేపరు కాస్త కిందికి దిగింది.

టీచరమ్మ కాసేపు ఆమెను తేరిపార చూసింది. కోపం రాలేదు. ఏదో లెక్క సరిపోయినట్టు నెమ్మదిగా తలాడించింది.

"ఇందాక మీరు కూర్చుంటూ నన్ను చూడలేదు. నా కళ్ళజోడు చూశారు. అప్పుడే అనుమానం రావాల్సింది నాకు. 'మా పెద్దది మనిషిని చూడదండీ, ముక్కు మీద కళ్ళజోడు వంకరుందా తిన్నగుందా చూస్తుంది' అని ఆయన ఎన్నిసార్లు చెప్పారో! మీరు డ్రైవరుగారి అమ్మాయి."

"అవును."

"మంచిది. ఇంతకీ పెళ్ళెవరికి?"

"నాటకాలొద్దు. మీకూ మా నాన్నకీ."

టీచరమ్మ జారిన కళ్ళజోడు పైకి తోసుకుంది. "నాకా? నాకు పెళ్ళా? మరి మా ఆయన ఒప్పుకోవద్దూ?"

"మీ... ఆయనా?"

"నిక్షేపంలా ఉన్నాడమ్మా! ఈపాటికి కూర తరుగుతూ ఉంటాడు. ముప్పై ఏళ్ళ నుంచి ఆ ఒక్కడితోనే వేగలేక చస్తుంటే ఇంకొకాయన్ని కూడా నా నెత్తిన పెడతారా!"

పేపరాయన దగ్గినట్టు నవ్వాడు. నవ్వును దగ్గుగా మార్చబోయి పొలమారి, నీళ్ళ సీసా వెతుక్కున్నాడు. టీచరమ్మ కూడా నవ్వేసింది. విమానంలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి భుజాలు కదిలేలా నవ్వింది. అద్దాలమ్మ మాత్రం నవ్వలేకపోయింది. పొట్లాటకు కొంగు బిగించుకుని వస్తే ఎదురుగా శత్రువే లేడు. ఇన్నాళ్ళూ మోసిన కోపం ఎక్కడ దించుకోవాలో తెలియలేదు.

"మరి మా నాన్న మాకెందుకలా చెప్పాడు? అసలు మీరెవరు?"

టీచరమ్మ నవ్వు ఆగింది. కిటికీలోంచి మబ్బుల వైపు చూసి, భయమేసి మళ్ళీ ఇటు తిరిగింది.

"చెప్పొద్దని మాట తీసుకున్నారమ్మా ఆయన. ఇన్నాళ్ళూ నిలబెట్టుకున్నాను. కానీ నన్ను పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టాక ఇంకా నోరు మూసుకుని ఎలా ఉండను?" అని, గొంతు తగ్గించి, "చూపు పోయినవాళ్ళకూ పోతున్నవాళ్ళకూ నడక నేర్పుతాను నేను. కర్ర పట్టుకుని వీధిలో ఎలా నడవాలో, రోడ్డెలా దాటాలో, బస్సెలా ఎక్కాలో. మీ నాన్నగారు నా దగ్గర నేర్చుకుంటున్నారు" అంది.

అద్దాలమ్మకు మాటలు వినపడ్డాయి. అర్థం మాత్రం ఎక్కడో వెనకబడిపోయి ఆలస్యంగా వచ్చింది.

"మా నాన్నకు చూపు... లేదండీ, టీవీ చూస్తాడు. నా ముఖం చూసే మాట్లాడతాడు."

"ఎదురుగా ఉన్నది చూస్తారు. పక్కనున్నదే పోయింది. గ్లకోమా. మీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. దుకాణానికి వచ్చేవాళ్ళకు అద్దాలమ్మే చెబుతుంటుంది, ఏ నొప్పీ లేకుండా దొంగలా వచ్చే జబ్బు అది, చుట్టూ ఉన్న చూపును అంచుల నుంచి తినుకుంటూ వస్తుంది, పోయింది మళ్ళీ రాదు, మందు చుక్కలు మిగిలినదాన్ని కాపాడితే కాపాడతాయి, వెళ్ళి డాక్టరుకు చూపించుకోండి అని. ఇంట్లో తండ్రిని మాత్రం ఎన్నిసార్లు కుర్చీలో కూర్చోమన్నా, "సిగ్నలు చూసి బతికినవాణ్ణి, నాకు నువ్వేం పరీక్ష పెడతావే" అని తప్పించుకునేవాడు. ఆమె కూడా నవ్వి ఊరుకునేది.

ఆయన ఈమధ్య మెట్లు దిగుతూ గోడకు అరచెయ్యి ఆనించేవాడు. మోకాళ్ళ నొప్పులనుకుంది. చీకటి పడ్డాక వీధిలోకి పోవడం మానేశాడు. బద్ధకమనుకుంది. ఒకసారి ఆమె గుమ్మం పక్కకు చిన్న బల్ల జరిపితే, దాన్ని తట్టుకుని పడి, "నా దారికి అడ్డం ఎవరు పెట్టారిక్కడ!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. ముసలి చాదస్తమని వంటింట్లోకి పోయి మొగుడితో చెప్పుకుని నవ్వింది. ఆ రోజు నుంచి ఇంట్లో ఏ వస్తువూ చోటు మారకూడదని పట్టుబట్టాడు. ఇల్లంతా ఆయన కంఠతా పట్టేశాడన్నమాట. ఆ ఇంట్లో ఆయన కళ్ళతో కాదు, జ్ఞాపకంతో తిరుగుతున్నాడు.

అద్దాలమ్మ బెల్టు కొక్కెం ఊడదీసి, పెట్టి, మళ్ళీ ఊడదీసింది. లేచి నిలబడాలనిపించింది. లేస్తే ఎక్కడికి పోతుంది?

"నా దగ్గరా దాచేది? వేరే ఎవరి దగ్గరైనా సరే. ఇదే పని మీద బతికేదాన్ని నేను. నా దగ్గర దాచి, పెళ్ళని కట్టుకథ చెప్పి..."

"పెళ్ళి మాట నాకూ ఇప్పుడే తెలిసింది. కానీ ఎందుకు చెప్పారో ఊహించగలను" అంది టీచరమ్మ. "మీకు చెప్పమని నేను పోరినప్పుడల్లా ఒకటే మాట అనేవారు. 'మా పెద్దదానికి కోపమొస్తే నాలుగు రోజులు అరిచి ఊరుకుంటుందండీ. జాలి వస్తేనే కష్టం. నా చెయ్యి పట్టుకుందంటే ఇక వదలదు. నన్ను గడప దాటనివ్వదు' అని."

అద్దాలమ్మ ఏదో అనబోయింది. పేపరాయన పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో.

"నాకెందుకు లెండి గానీ," అన్నాడు మొహమాటంగా, "ఆయనన్నది నిజమేనామ్మా?"

వేరేచోట అయితే "మీకెందుకండీ" అనేది. ఇక్కడ ఒక పక్కన టీచరమ్మ, ఒక పక్కన ఈయన. మధ్య సీట్లో ఇరుక్కున్న మనిషికి ముఖం తిప్పుకోవడానికి కూడా దిక్కు లేదు.

"నిజమే" అంది చివరికి. "అమ్మ జబ్బు పడ్డప్పుడు మంచినీళ్ళ గ్లాసు కూడా తన చేత్తో పట్టుకోనివ్వలేదు నేను. ప్రేమనే అనుకున్నాను. ఒకరోజు గ్లాసు లాక్కుని గోడకేసి కొట్టింది. నాన్న పక్కనే ఉన్నాడు. ముక్కలన్నీ ఆయనే ఏరాడు."

పేపరాయన తలాడించి, తన దగ్గరున్న బిస్కెట్ల పొట్లం ఆమె ముందు పెట్టాడు. ఆమె ఒకటి తీసుకుంది గానీ తినలేదు. వేళ్ళ మధ్యే పొడి అయిపోయింది.

టీచరమ్మ ఆమె వైపు ఒరిగి అంది. "ఇవాళ ఆయనకు పరీక్ష. ఎప్పుడూ నేను నాలుగడుగుల వెనకాల వెంబడిస్తూ ఉంటాను, కనబడకుండా. ఆయనకు తెలిసిపోయింది. బూట్ల చప్పుడు పట్టేస్తారు. 'మీరు వెనకాల ఉన్నంత కాలం నేను నడిచినట్టు కాదు. మీరు విమానంలో ఉన్న రోజు నడుస్తాను. అప్పుడు నా వెనక పడలేరుగా' అన్నారు. మా బడి నుంచి బస్సెక్కి, బస్టాండులో ఇంకో బస్సు మారి, విమానాశ్రయానికి వచ్చి, నన్ను కలుసుకోవాలి. ఒక్కరే. అదీ నా గాభరా. ఇది కూలిపోతుందన్న భయం ఇవాళ నాకు రెండోది."

"ఒక్కణ్ణీ వదిలేశారా? రెండు బస్సులు మారాలా?" అద్దాలమ్మ గొంతు మళ్ళీ లేచింది. "దిగుతూనే నేను పరిగెత్తుకెళ్ళి..."

"అదిగో" అంది టీచరమ్మ మెత్తగా.

అద్దాలమ్మ బెల్టు కొక్కెం మీద నుంచి చెయ్యి తీసేసింది.

"బయటికొచ్చే గేటు ఎదురుగా నిలబడి ఉంటారు. జనంలో ముఖాలు ఆయనకు అందవు, నా అడుగుల చప్పుడు గుర్తుపట్టి ఆయనంతట ఆయన నన్ను పిలవాలి. అంతవరకూ మీరు దూరంగా నిలబడగలరా? మీ గొంతు విన్నారంటే ఇంత దూరం నడిచొచ్చింది అంతా మరిచిపోయి, దొంగలా దొరికిపోయానని కుంగిపోతారు. ముందు గెలవనివ్వండమ్మా. తర్వాత మీ ఇష్టం. తిట్టండి, ఏడవండి, రెండూ చెయ్యండి."

విమానం కిందికి వాలింది. టీచరమ్మ కళ్ళు మూసుకుని, చెయ్యి చాపి గాలిలో తడిమింది. ఈసారి అద్దాలమ్మే ఆ చెయ్యి అందుకుంది.

"నిలబడతాను" అంది. ఆ మాట అనడానికి ఆమెకు ఎంత కష్టమైందో చేతి బిగువు చూసి టీచరమ్మకు తెలిసే ఉంటుంది.

చక్రాలు నేల తాకాయి. అందరూ ఒక్కసారి లేచి సంచీలు దించుకుంటున్నారు. పేపరాయన మాత్రం తన పొడుగు కాళ్ళు అడ్డం పెట్టి, వెనకవాళ్ళను ఆపి, వాళ్ళిద్దరికీ దారిచ్చాడు. "వెళ్ళండమ్మా. పెద్దాయన ఎదురుచూస్తుంటారు" అన్నాడు.

బయటికి వచ్చే గేటు దగ్గర అద్దాలమ్మ మాట నిలబెట్టుకుంది. స్తంభం వెనక నిలబడి, సంచీని గుండెకు అదుముకుని, వచ్చేపోయే జనం సందుల్లోంచి తొంగిచూసింది. టీచరమ్మ గేటు ఎదురుగా వెళ్ళి నిలబడి, రబ్బరు బూట్లు నేలకేసి టపటప కొట్టింది. ఎవరూ పిలవలేదు. అటు నడిచింది, ఇటు నడిచింది, మళ్ళీ టపటపలాడించింది. విమానం దిగిన జనం పలచబడిపోయారు. పూలగుత్తులు పట్టుకున్నవాళ్ళూ, పేర్లు రాసిన అట్టలు పట్టుకున్నవాళ్ళూ తమ తమ మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయారు. గేటు ముందు ఖాళీ.

ఇక ఆగలేక అద్దాలమ్మ స్తంభం వెనక నుంచి వచ్చేసింది. టీచరమ్మ వద్దనలేదు. ఆమె అప్పటికే ఫోన్ చెవికి ఆనించుకుని ఉంది. మోగుతోంది. మోగుతూనే ఉంది. అద్దాలమ్మ కూడా తల దగ్గరగా పెట్టింది.

ఎవరో ఎత్తారు. ఆడ గొంతు. కొత్త గొంతు.

"హలో, ఈ ఫోన్ ఎవరిదండీ? బస్టాండులో బెంచీ మీద మోగుతుంటే ఎత్తాను. పక్కన తెల్ల కర్ర కూడా ఉంది. మనిషి మాత్రం ఎక్కడా లేడు."

అద్దాలమ్మ ఫోన్ లాక్కోబోయింది. టీచరమ్మ ఆమె భుజం పట్టుకుని ఆపి, ఫోన్లో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"కర్ర ఎలా ఉందమ్మా? తెరిచి పడి ఉందా, మడిచి ఉందా?"

"మడిచే ఉందండీ. చుట్టూ దారం కూడా కట్టి ఉంది, నీటుగా."

టీచరమ్మ ఫోన్ దించింది. ముఖంలో రక్తం లేదు.

"ఆయన్ని ఎవరో లాక్కుపోలేదమ్మా" అంది. "కర్ర ఆయనే మడిచి, కట్టి, అక్కడ పెట్టి లేచారు. అది లేకుండా ఎక్కడికి పోదామనో!"